కూర్చుని చూసే డాక్టరమ్మ

పొద్దున పేపరు చివరి పేజీకి ముందు పేజీలో, కింద మూలన, చిన్న ఫొటో కనబడింది. ఫొటోలో ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. ఆ కూర్చున్న తీరు చూడగానే పేరు చదవకుండానే ఎవరో తెలిసిపోయింది. వీపు ఆనించకుండా, ఒక పక్కకి కొద్దిగా ఒరిగి, ఈ కుర్చీలో ఏదో తేడా ఉంది, పట్టుకుంటాను ఉండండి అన్నట్టు చూస్తోంది. ఫొటో తీసినవాడు నవ్వమని అడిగే ఉంటాడు. ఆమెకి వినబడి ఉండదు.

ప్రభువునందు నిద్రించారనీ, సాయంత్రం చర్చిలో ఆరాధన, తర్వాత సమాధి కార్యక్రమం అనీ రాశారు. మా అత్తమ్మకి చదివి వినిపించాను. అత్తమ్మకి ఎనభై దాటాయి. చెవులు బాగానే పనిచేస్తాయి, కానీ తనకి ఇష్టమైనప్పుడే. విని, చాయ్ గ్లాసు కింద పెట్టి, అటక మీది చాప దించమంది.

ఆ చాప అటకెక్కి చాలా ఏళ్ళయింది. ఉందో, ఎలకలు కొట్టేశాయో కూడా నాకు తెలియదు. వయసు మీద పడి ఏదో అంటోందనుకున్నాను. డాక్టరమ్మ సంగతి చెప్పకపోతే ఆ చాప సంగతి ఎవరికీ అర్థం కాదు కాబట్టి ముందు ఆమె గురించి చెబుతాను.

చిలకలగూడలో ఒక పాత మేడ మీద ఆమె క్లినిక్ ఉండేది, దాని వెనక గదిలోనే ఆమె ఉండేది. ఆమె నరాల డాక్టరు. నడుం నొప్పి, తుంటి నొప్పి, కాలు లాగడం, వీటికి వైద్యం చేసే మనిషి మేడ మీద క్లినిక్ పెట్టడమేమిటని వచ్చినవాళ్ళందరూ తిట్టుకుంటూ ఎక్కేవాళ్ళు. మెట్లు నిటారుగా, ఒకటి పొట్టి ఒకటి పొడుగుగా ఉండేవి. ఆమె పైమెట్టు దగ్గర నిలబడి చేతులు కట్టుకుని చూస్తుండేది. చెయ్యి అందించేది కాదు. ఏ కాలు ముందు వేస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, గోడని పట్టుకుంటున్నారా, మొగుణ్ణి పట్టుకుంటున్నారా, అన్నీ గమనించేది. పైకి చేరేసరికి సగం పరీక్ష అయిపోయేది. ఒకావిడ సగం ఎక్కి, నాకీ వైద్యం వద్దమ్మా అని విసుక్కుని గబగబా దిగిపోతుంటే, దిగేటప్పుడు నొప్పి లేదన్నమాట, రండి రండి, అని పైనుంచి ఎంతో సంతోషంగా పిలిచిందట.

లోపల, పేషెంట్లు కూర్చునే గదిలో, ఒక్క కుర్చీకి ఇంకో కుర్చీతో సంబంధం ఉండేది కాదు. కుట్టుమిషను ముందు వేసుకునే స్టూలు, వంటింటి పీట, ఇనుప మడతకుర్చీ, బడిపిల్లల బెంచీ, పాతసామాన్ల వాడి దగ్గర కొన్న సిటీబస్సు సీటు. అన్నిటికంటే గొప్పది, కర్ర స్టాండు మీద బిగించిన స్కూటరు వెనకసీటు. ఎవరు బయట దేని మీద ఎక్కువ కూర్చుంటారో ఇక్కడా దాని మీదే కూర్చోవాలి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ స్కూటరు సీటు మీద ఒకావిడ రెండు కాళ్ళూ ఒక పక్కకి వేలాడేసుకుని, చెయ్యి గాల్లో మొగుడి భుజం ఉండాల్సిన చోట పెట్టుకుని, ట్యాంక్‌బండ్ మీద పోతున్నట్టు కూర్చుని ఉంది. మొగుడు పక్కనే నిలబడి గోడకేసి చూస్తున్నాడు. నన్ను పిచ్చాసుపత్రికి తీసుకొచ్చారనుకున్నాను.

నొప్పి ఎక్కడ అని ఆమె ముందు అడిగేది కాదు. ఎక్కడ కూర్చుంటావు అని అడిగేది. మగవాళ్ళు వస్తే కూర్చోనిచ్చేది కాదు, నిలబెట్టి వెనకజేబు తడిమేది. పర్సు తీసి బల్ల మీద పెట్టించి, ఇక మీ వైద్యం అయిపోయింది, ఇంటికెళ్ళండి, అనేది. ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి మాత్రం గంటలు గంటలు పట్టేది.

"మగవాడి తుంటి నరం మీద పర్సు కూర్చుంటుందండీ. ఆడదాని నరం మీద ఇల్లంతా కూర్చుంటుంది. అందులో ఏ సామాను గుచ్చుకుంటోందో నేను వెతకొద్దూ?" అనేది.

ఎక్స్‌రేలో ఏమీ లేదు, నొప్పంతా మీ మనసులోనే ఉంది అని ఎవరైనా డాక్టరు ఆడమనిషికి చెప్పాడని వింటే ఆమెకి ఒళ్ళు మండిపోయేది. మనసు తుంటిలో ఎందుకుంటుందండీ అని, ఆ డాక్టరే ఎదురుగా ఉన్నట్టు మనల్ని నిలదీసేది. మనం ఏం చెబుతాం, ఉండదండీ అనేవాళ్ళం.

చిలకలగూడలోనే ఒక బట్టలకొట్టు యజమాని భార్యకి రాత్రి పడుకుంటే చాలు తుంటి నుంచి మడమ దాకా లాగేసేది. పగలు ఏమీ లేదు. డాక్టరమ్మ వాళ్ళింటికి వెళ్ళి ఆవిడ కూర్చునే చోట్లన్నీ తనూ కూర్చుని చూసింది. ఏమీ దొరకలేదు. అయితే పడుకుని చూస్తానంది. చెప్పులు విప్పి ఆవిడ మంచమెక్కింది. పొద్దుటి నుంచీ మెట్ల దగ్గర నిలబడి ఉందేమో, నిద్ర పట్టేసింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన యజమాని, తన మంచం మీద ఎవరో ఆడమనిషి గురక పెట్టి నిద్రపోవడం చూసి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగి కొట్టుకి వెళ్ళిపోయాడట. ఆమె లేచి కాలు కింద పెట్టగానే కుంటింది. కుంటుతూనే సంబరంగా పరుపు ఎత్తించింది. కింద బీరువా తాళాలగుత్తి. పెద్దకోడలు కాపురానికొచ్చిన నాటి నుంచి ఆవిడ దాన్ని అక్కడే దాచి దాని మీదే పడుకుంటోంది. తాళాలు పెద్దకోడలికి ఇవ్వవలెను అని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఆవిడ బాగా ఆలోచించి, నొప్పే నయమంది.

నేను పాఠాలు చెప్పే బడిలో లెక్కల టీచరుదీ ఇలాంటి కథే. వాళ్ళది గుంటూరు వైపు, ఆదివారం ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తుంది. ఆమెకి ఆదివారం మధ్యాహ్నాలు మాత్రమే కాలు తిమ్మిరెక్కి లాగేది. డాక్టరమ్మదీ ఆ చర్చే. ఒక ఆదివారం లెక్కల టీచరుని లేపి ఆ బల్ల మీద తను కూర్చుంది. ఆమెకి హార్మోనియం రాదు. ఆ రోజు సంఘమంతా వాయిద్యం లేకుండానే పాడింది. పాటలు అయ్యేంతవరకూ ఆమె కాలికేమీ కాలేదట. పాస్టరుగారి ప్రసంగం మూడో భాగంలోకి వచ్చేసరికి మొదలైంది. కూర్చోబెట్టేది ఆ బల్లే, కానీ నొప్పి పెట్టేది ప్రసంగం అని తేల్చి, ఆరాధన అయిపోయాక పాస్టరుగారికే మందుచీటీ రాసిచ్చింది. ప్రసంగం, ఇరవై నిమిషాలు, వారానికి ఒకసారి, భోజనానికి ముందు. పాస్టరుగారు కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. కానీ ప్రసంగం తగ్గిందని లెక్కల టీచరు చెప్పింది.

ఆ లెక్కల టీచరే నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్ళింది.

అప్పటికి నాకు పెళ్ళయి నాలుగేళ్ళు. మల్కాజ్‌గిరిలో అత్తగారిల్లు, సికింద్రాబాద్‌లో బడి. కుడి తుంటిలో మొదలై తొడ వెనక నుంచి మడమ దాకా కరెంటు తీగ లాగినట్టుండేది. కొన్నాళ్ళు అసలుండదు, పరిగెత్తి బస్సెక్కేదాన్ని. ఉన్నట్టుండి ఒకరోజు కాలు కింద పెట్టలేను. పెద్ద ఎముకల డాక్టరు ఫొటోలు తీయించి, వెన్నుపూసల మధ్య డిస్కు కొద్దిగా జరిగింది, ఆపరేషన్ చేద్దాం అన్నాడు. దసరా సెలవులకి ముహూర్తం పెట్టాడు. మా వీధి చివర ఒకావిడ అలాంటి ఆపరేషనే చేయించుకుని మళ్ళీ సరిగా నడవలేదు. ఆవిడని రోజూ ఇద్దరు పట్టుకుని వాకిట్లో ఎండకి కూర్చోబెట్టేవాళ్ళు. బడికి పోతూ వస్తూ ఆవిడని చూసేదాన్ని. నా గతీ అంతేననుకునేదాన్ని.

ఇంట్లో మా అత్తమ్మ నాకు నొప్పి ఉందని నమ్మేది కాదు. మా ఇంట్లో అప్పటికింకా నెలనెలా బయట కూర్చునే ఆచారం ఉండేది. మూడు రోజులు వంటింట్లోకి, పూజగదిలోకి రాకూడదు, ఎవరినీ తాకకూడదు. వెనక వరండాలో చాప వేస్తారు, అక్కడే తిండి, అక్కడే పడక. బడికి మాత్రం పోవచ్చు, బడికి మైల లేదు. ఆ మూడు రోజులకి ముందురోజు నుంచే నేను కుంటుతున్నానని అత్తమ్మ కనిపెట్టింది. కనిపెట్టి పక్కింటావిడతో, నాకు వినబడేలాగే, "మూడు దినాలు కూసుంటది గద. గవి చాలవా, ముందుగాల ఒక దినం సుత కావాల్నా?" అంది. ఏడుపొచ్చింది నాకు. నొప్పికి కాదు, ఆ మాటకి.

డాక్టరమ్మ ఎముకల డాక్టరు తీయించిన ఫొటోలు కిటికీ వెలుగులో పెట్టి చూసి, ఈ డిస్కు ఊళ్ళో సగం మందికి ఇలాగే ఉంటుంది అంది. ఎక్కడ కూర్చుంటావమ్మా అంది. చెప్పాను. మర్నాడే బడికొచ్చి, నేను సోషల్ పాఠం చెబుతుంటే నా కుర్చీలో కూర్చుంది. పిల్లలందరూ లేచి గుడ్ మార్నింగ్ చెప్పారు. పాఠమైపోయే దాకా కదలకుండా కూర్చుని, కుర్చీ మంచిదే, పాఠమే కొంచెం వేగంగా చెబుతున్నావు, అని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం మా ఆయన స్కూటరు మీద చిలకలగూడ నుంచి మా ఇంటికొచ్చింది. నేను ఎలా కూర్చుంటానో అలాగే, ఒక పక్కకి, ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసుకుని. దారిలో రైలుగేటు పడింది. మా కాలనీ జనమంతా అక్కడే ఆగి ఉన్నారు. మా ఆయన హెల్మెట్టు లేనందుకు జీవితంలో మొదటిసారి బాధపడ్డాడు. గేటు తెరిచాక వెనక నుంచి ఆమె, గుంతలు తప్పిస్తున్నారేమండీ, మీ ఆవిడ ఉన్నప్పుడు ఎలా పోతారో అలా పోనివ్వండి, అని గట్టిగా అందట.

మా ఇంట్లో ఆమె కూర్చోని చోటు లేదు. వంటింటి పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరిగింది. బట్టలుతికే బండ మీద కూర్చుంది. మంచం మీద ఇటు పడుకుంది, అటు పడుకుంది. అత్తమ్మ ఆమె వెనకాలే తిరుగుతూ, ఈమె నిజంగ డాక్టరేనా అని నన్ను కళ్ళతో అడుగుతోంది. చివరికి డాక్టరమ్మ తల పైకెత్తి అటక మీద చుట్టిపెట్టిన చాప చూసింది. అది ఎవరిదని అడిగింది. అత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది.

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. నొప్పి నెలనెలా వస్తుంది, నెలనెలా ఈ పిల్ల సిమెంటు నేల మీద పల్చటి చాప వేసుకుని గోడకి చేరగిలబడి, కాళ్ళు ఒక పక్కకి మడిచి కూర్చుంటుంది, ఇంకేం కావాలి, దొరికిపోయింది, అంది. దొంగని పట్టుకున్నట్టు ఆ చాపని దింపించి చేత్తో పట్టుకుంది. ఇక అత్తమ్మకీ ఆమెకీ యుద్ధం మొదలైంది. ఈ ఆచారం మానెయ్యాలని డాక్టరమ్మ, మా అత్త నాటి నుంచి ఉన్నదని అత్తమ్మ. కనీసం పరుపు వెయ్యమంది డాక్టరమ్మ. బయటున్నప్పుడు వాడింది తడిపి ఉతకాలె, పరుపెట్ల ఉతుకుతరు అంది అత్తమ్మ. డాక్టరమ్మ మర్నాడు తన క్లినిక్‌లో పరీక్ష బల్ల మీదుండే రెక్సిన్ మెత్త ఊడబీకించి మా ఇంటికి పంపింది. నీళ్ళు పోసి కడుక్కోవచ్చు. ఆ నెలంతా ఆమె పేషెంట్లు ఒట్టి చెక్క మీద పడుకుని కొత్త నొప్పులు తెచ్చుకున్నారని విన్నాను.

ఆ నెల నేను రెక్సిన్ మెత్త మీద మహారాణిలా కూర్చున్నాను. నొప్పి ఎప్పటికంటే ఎక్కువగా వచ్చింది. మూడు రోజులూ ఒక్క క్షణం తెరిపి లేదు. వెళ్ళి చెబితే ఆమె నమ్మలేదు. సరిగా కూర్చోలేదేమో అంది. మీరు చెప్పినట్టే కూర్చున్నానండీ అంటే, చాలాసేపు బల్ల మీద గోళ్ళతో కొట్టుకుంటూ ఉండిపోయింది. అంత మంచి కారణం దొరికాక అది కారణం కాదని ఒప్పుకోవడం ఆమెకి కష్టంగా ఉంది. నాకైతే అంతకంటే కష్టంగా ఉంది. దసరా దగ్గరికొచ్చేసింది.

వచ్చే నెల నువ్వు బయట కూర్చునే రోజు నాకు ఫోన్ చేయించు, నీ పక్కన నేనూ కూర్చుంటాను అంది. అత్తమ్మకి ఈ సంగతి చెబితే ముందు నవ్వింది. తర్వాత తీర్పు చెప్పింది. ఏ వయసైనా సరే, ఏ మతమైనా సరే, ఆ చాప మీద కూసుంటె బయటున్నట్టే లెక్క. తల మీద నీళ్ళు పోసుకోకుండ ఇంట్లకు రానియ్య.

ఆ రోజు శనివారం, బడి ఒంటిపూట. నేను ఇంటికొచ్చి వంటింట్లో పప్పు పోపు పెడుతున్నాను. కాలు అప్పటికే లాగుతోంది, గట్టు పట్టుకుని నిలబడ్డాను. బయట ఆటో ఆగిన చప్పుడు. డాక్టరమ్మ ఒక చేతిలో మందులపెట్టె, ఇంకో చేతిలో మంచినీళ్ళ సీసా పట్టుకుని, పక్కసందులోంచి నేరుగా వెనక వరండాలోకి వెళ్ళి, పరిచి ఉన్న చాప మీద కూర్చుంది. కూర్చుని కళ్ళజోడు సవరించుకుంటే, ఎదురుగా వంటింటి తలుపులోంచి గరిటె పట్టుకుని నేను కనబడ్డాను.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఇంకా బయట లేవామ్మా అని అడిగింది. లేనండీ అన్నాను. మరి నాకు ఫోన్ ఎవరు చేశారు, ఈ చాప ఎవరు వేశారు అని అడిగింది. అత్తమ్మ పక్కింటి ఫోను నుంచి తనే చేశానంది. ఈ పిల్ల బయట లేకుండా ఎలా చేశారు అని డాక్టరమ్మ కొంచెం కోపంగానే అడిగింది, ఆమె క్లినిక్ మూసేసి వచ్చింది మరి.

అత్తమ్మకీ కోపమొచ్చింది. "ఏందమ్మా గట్లడుగుతరు? పొద్దుగాల నుంచి కుంటుతున్నది గద. ఇయ్యాల కుంటితె రేపు బయటుంటది. ఎప్పుడు సుత గంతే. గది చూసే నేను చాప దించుత" అంది.

డాక్టరమ్మ చాప వంక చూసింది, నా కాలి వంక చూసింది. అప్పటికి నేనింకా ఆ చాప తొక్కలేదు. ఆ నెలలో ఒక్కసారైనా నేల మీద కూర్చోలేదు. అయినా కుంటుతున్నాను.

"ఇంకోసారి చెప్పండి పెద్దమ్మగారూ" అని, అత్తమ్మ చెయ్యి పట్టుకుని లాగి తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది.

నా చేతిలోంచి గరిటె జారిపోయింది. మా అత్తమ్మని బయటున్న మనిషి తాకడం నేనెప్పుడూ చూడలేదు. అత్తమ్మ కూడా చూసి ఉండదు. ఆమె తన చేతి వంక, దాన్ని పట్టుకున్న చేతి వంక కాసేపు అలాగే చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. ఇగ ఎట్లయిన తానం చెయ్యాల్సిందే గద, జెరసేపు కూసుంట, అని కాళ్ళు చాపుకుంది.

ఆ పూట మా ఇంట్లో జరిగింది ఎవరికి చెప్పినా నమ్మరు. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు పెద్దవాళ్ళు బయట చాప మీద కూర్చున్నారు. కాలు నొప్పితో ఉన్న నేను, లోపల ఉన్న ఒకే ఒక్క మడి మనిషిని కాబట్టి, కుంటుకుంటూ వండి, కుంటుకుంటూ తెచ్చి, తాకకుండా పైనుంచి వాళ్ళ విస్తళ్ళలో అన్నం వేశాను. డాక్టరమ్మ తినేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అత్తమ్మ ముద్ద చేతిలో పట్టుకుని అది అయ్యేదాకా ఆగింది. ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా వినబడలేదు. ఏ నెల నుంచి, ఎన్ని రోజుల ముందు, ఏ కాలు అని డాక్టరమ్మ అడగడం, అత్తమ్మ నా గురించి నాకే తెలియనివి చెప్పడం వినబడింది. పొద్దు వాలే వేళకి నవ్వులు వినబడ్డాయి. మా అత్తమ్మ ఆ ఇంట్లో అంతసేపు ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి.

వెళ్ళే ముందు డాక్టరమ్మ అత్తమ్మ మాట ప్రకారం తల మీద నుంచి నీళ్ళు పోసుకుని, అత్తమ్మ చీర కట్టుకుని లోపలికొచ్చి నన్ను మంచం మీద పడుకోబెట్టింది. ఈసారి నడుం ముట్టుకోలేదు, పొత్తికడుపు నొక్కి చూసింది. నొక్కగానే నొప్పి కాలిలోకి దూకింది.

"ఇన్నాళ్ళూ తప్పు చోట కూర్చున్నానమ్మా" అంది. "గర్భసంచి లోపల ఉండాల్సిన పొర కొందరికి దారి తప్పి ఇంకెక్కడో మొలుస్తుంది. నీకు కాలి నరం దగ్గర మొలిచి ఉంటుంది. నెలనెలా లోపలిదానితో పాటు అదీ ఉబ్బుతుంది. అప్పుడు నరం అరవక ఏం చేస్తుంది?"

ఇలాంటిది పుస్తకంలో చదవడమే తప్ప ఎప్పుడూ చూడలేదనీ, ఇది కూడా తప్పు కావచ్చనీ, అది తేలేదాకా నా వెన్ను మీద ఎవరినీ కత్తి పెట్టనివ్వననీ అంది. తర్వాత అత్తమ్మ చీరతోనే వెళ్ళిపోయింది. ఆ చీర ఆమెకి పొట్టిదయి చీలమండలు కనబడ్డాయి. మర్నాడు పొద్దున్నే అత్తమ్మ పక్కింటికి వెళ్ళి డాక్టరమ్మకి ఫోన్లో ఒక్క మాట చెప్పి పెట్టేసింది. "బయటున్నది."

ఎముకల డాక్టరు ఆపరేషన్ ఆపడానికి ఒప్పుకోలేదట. ఆడవాళ్ళ నెలసరికీ కాలి నరానికీ సంబంధమేమిటి మేడమ్ అని నవ్వాడట. డాక్టరమ్మ ఆయన గదిలో పేషెంటు స్టూలు మీద కూర్చుంది. ఆయన అందరినీ చూడటం అయిపోయింది, ఆమె లేవలేదు. ఆయన భోజనం చేసి వచ్చాడు, ఆమె అక్కడే ఉంది. ఈ స్టూలు ఎత్తు సరిగా లేదు డాక్టరుగారూ, మీ పేషెంట్లలో సగం మందికి నొప్పి ఇక్కడే వస్తోంది, అందట. సాయంత్రానికి ఆయన నా ఆపరేషన్ వాయిదా వేశాడు. ఆమె వాదనకి ఒప్పుకుని కాదు, తన గది తనకి కావాలని.

ఆమె నన్ను ఒక స్త్రీల ఆసుపత్రికి పంపింది. అక్కడ పొట్టలోకి సన్నటి గొట్టం వేసి చూశారు. ఆమె చెప్పిన చోటే, నరాన్ని ఆనుకుని, చింతగింజంత నల్లటి మచ్చ. తీసేశారు. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి ఆమె నా మంచం పక్కన ఉంది. నా చెయ్యి పట్టుకోలేదు, నుదురు నిమరలేదు. అటెండెంట్ కుర్చీలో అటూ ఇటూ కదిలి చూస్తోంది.

కొన్ని నెలలకి నొప్పి పూర్తిగా పోయింది. నేను మామూలుగా నడవడం మొదలుపెట్టాను. అక్కడే ఎవరూ అనుకోనిది జరిగింది. నేను కుంటకపోతే చాప ఎప్పుడు దించాలో అత్తమ్మకి తెలియలేదు. కోడల్ని నోరు తెరిచి అడగడం ఆమెకి నామోషీ. అడగనిదే చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒక నెల నా నడక వంక చూసింది. రెండో నెల ఇంకా శ్రద్ధగా చూసింది. మూడో నెలకి చూడటం మానేసింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండా, ఎవరూ ఎవరితో కొట్లాడకుండా, మా ఇంట్లో ఆ ఆచారం అలా పోయింది. డాక్టరమ్మకి చెబితే పడీపడీ నవ్వి, నవ్వుతూ నడుం పట్టుకుంది.

అవును, ఆమెకీ నడుం నొప్పి ఉండేది. కొద్దిగా కుంటేది కూడా. ఎన్నాళ్ళుగానో చూస్తూ ఒకసారి అడిగాను, మీకు దేని వల్ల వచ్చిందండీ అని. అందరి కుర్చీల్లోనూ కూర్చున్నాను కదమ్మా, నాది అందరిదీ కలిపి, అంది. ఆమెకి పెళ్ళయిందో లేదో, పిల్లలున్నారో లేదో, ఏ ఊరి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడుగుదామనుకునేలోపు మనం సరిగా కూర్చోలేదని గదిమేది. మా ఇంటికొస్తే మాత్రం ముందు గదిలో కుర్చీలున్నా వెనక వరండాలోకి వెళ్ళి అత్తమ్మతో కూర్చునేది. గత కొన్నేళ్ళుగా మెట్లు దిగలేక రావడం మానేసింది. మేడ మీద క్లినిక్ పెట్టుకున్నందుకు చివరికి ఆమెకే శిక్ష పడింది.

ఇదంతా గుర్తు చేసుకుంటూ చాప దించాను. ఎలకలు ఒక మూల కొట్టాయి, మిగతాది బాగానే ఉంది. దుమ్ము దులిపి వెనక వరండాలో పరిచాను. అత్తమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి దాని మీద కూర్చుంది. చర్చికి పోదాం, ఆటో పిలవనా అని అడిగితే, నువ్వు పోయి రా, నేను ఈడ్నె ఉంట, నాకు మైల, అంది.

మైల పట్టడానికి ఆమె మనకి ఏ చుట్టరికమూ కాదు కదా అత్తమ్మా అన్నాను. ఆమె నా వంక చూడలేదు. తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసుకుంటోంది.

"నన్ను ముట్టుకున్నది గద" అంది. "ఆనాడు తానం చేసిన. పోలే."

నేనూ ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. అలవాటు కొద్దీ కాళ్ళు ఒక పక్కకి మడిచాను. అత్తమ్మ నా మోకాలి మీద చిన్నగా ఒకటి వేసింది.

"సక్కగ కూసో. ఆమె చూస్తె ఊకోదు."

ఇద్దరం కాళ్ళు చాపుకుని కూర్చున్నాం.